పిడుగు పెట్టిన షరతు

కొండ మీది వాతావరణ కేంద్రం
సోమవారం, జీపు వచ్చే ముందు రోజు

మా ఇంటి ఆడపడుచు గారికి,

వదిన రాసేది. మేమిద్దరం బాగానే ఉన్నాం. వాన కొలిచే గొట్టం, గాలి కొలిచే మర, మీ అన్నయ్య గొంతు మూడూ చక్కగా పనిచేస్తున్నాయి. పోయిన వారం గాలికి వంటింటి కిటికీ రెక్క ఊడింది. మళ్ళీ బిగించాం.

ఇక అసలు సంగతి. పోయినసారి జీపులో మా పిడుగు పిల్ల రాసిన ఉత్తరం వచ్చింది. నీ దగ్గరే ఉంటోంది కాబట్టి అందులో ఏముందో నీకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే విను. ఈ ఏడు సెలవులకి కొండెక్కదట. "అక్కడ గాలి తప్ప ఏముంది? చేత్తో పట్టుకుని ఆడుకునే వీడియో గేమ్ కొనిపెడితే వస్తా, లేకపోతే రెండు నెలలూ అత్త దగ్గరే ఉంటా" అని రాసింది. పద్నాలుగు నిండలేదు, అప్పుడే షరతులు!

మీ అన్నయ్య దాన్ని రెండుసార్లు చదివి, బయటికెళ్ళి వాన గొట్టం తుడిచి వచ్చారు. అప్పటికే పొద్దున్న ఓసారి తుడిచారు. వచ్చి, "కొనేది లేదు. యంత్రం కోసం వచ్చే పిల్ల మన కోసం వచ్చినట్టా?" అన్నారు. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని నీకు నేను చెప్పాలా.

నాకు మాత్రం పిల్ల రావాలి. దేనికోసం వచ్చినా సరే, రావాలి. హైస్కూలు కోసం రెండేళ్ళ కిందట నీ దగ్గర దింపాం. పోయిన సెలవులకి వచ్చినప్పుడు నా భుజం దాకా ఉండేది. ఇప్పుడెంత ఎదిగిందో ఫోటోల్లో తెలియడం లేదు. కన్నకూతురి మనసులో ఏముందో నిన్ను అడగాల్సి రావడం నాకు చిన్నతనంగానే ఉంది, అయినా అడుగుతున్నాను. దాన్ని రోజూ చూస్తున్నది నువ్వు. ఫోను చేద్దామంటే సిగ్నల్ కొండెక్కదు, ఆఫీసు వైర్‌లెస్‌లో సొంత కబుర్లు కూడదు. పదిహేను రోజులకోసారి సామాను తెచ్చే జీపే మన పోస్టాఫీసు.

సెలవులకి ఇంకా మూడు నెలలుంది. బజార్లో ఆ వస్తువేమిటో చూసి, కొనొచ్చో కూడదో నిజం చెప్పు. నువ్వు ఏదంటే అది చేస్తా.

నీ వదిన


టౌన్లో, పళ్ళ వర్క్‌షాపు మీది గది
ఆదివారం

వదినా,

నిజం చెప్పమన్నావు, చెప్తున్నా. వద్దు.

కళ్ళు పాడవుతాయి. మెడ వంగిపోతుంది. బొటనవేళ్ళకి నొప్పులు పుడతాయి. చదువు సంగతి సరేసరి. మా పళ్ళ డాక్టరుగారి చెల్లెలి ఇంట్లో అలాంటిది కొన్నారట, ఇప్పుడు అన్నం తినమని పిలిస్తే గదిలోంచి "ఊఁ" అన్న శబ్దం తప్ప మనిషి రాదట.

నువ్వు చూడమన్నావు కాబట్టే దుకాణానికి వెళ్ళాను, లేకపోతే నాకెందుకు. షాపాయన కళ్ళజోడుకి దారం కట్టుకున్న పెద్దమనిషి. పెట్టెలోంచి తీసి నా చేతిలో పెట్టాడు. మేం కట్టుడు పళ్ళ సెట్లు పెట్టి ఇచ్చే డబ్బాకి రెండింతలుంటుంది, బరువు లేదు. అందులో ఓ పడవ. దాన్ని తుఫానులో నడిపించి దీవికి చేర్చాలి. ఇంతే! దీనికి మనుషులు తిండీ నిద్రా మానేస్తారట. మొదటి దీవి చిన్నపిల్లలు కూడా చేరతారు. రెండో దాని దగ్గర రాళ్ళుంటాయి, తెరచాప సగం దించి ఎడమ పక్కనుంచి పోనివ్వాలి. మూడో దీవి దగ్గర సుడిగుండం పెట్టారు, అది మాత్రం అన్యాయం. పైగా తెరచాప ఒకవైపు ఉబ్బుతుంటే జెండా రెండోవైపు ఎగురుతుంది. ఆ జెండాని నమ్మి నేను నిలువునా మునిగిపోయాను, నాలుగుసార్లు. పనికిమాలిన వస్తువు.

కాబట్టి కొనకు. పిల్ల ఇక్కడే ఉంటుంది. ఈత నేర్పిస్తా. మా వర్క్‌షాపులో మైనంతో పళ్ళు చెక్కడం నేర్పిస్తా, దాని చేతులు చాలా నిలకడ. నువ్వేమీ బెంగ పెట్టుకోవద్దు.

అన్నయ్యని మఫ్లరు కట్టుకోమను.

నీ ఆడపడుచు


కొండ మీది వాతావరణ కేంద్రం
జీపు కింద నిలబడి హారన్ కొడుతోంది

ఆడపడుచు గారూ,

కళ్ళు పాడవుతాయన్నావు, మెడ వంగుతుందన్నావు. మరి మూడో దీవి దాకా కళ్ళు మూసుకుని, మెడ నిటారుగా పెట్టుకుని వెళ్ళావా తల్లీ? నీ ఉత్తరం చదివి ఎన్నాళ్ళకో పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను.

కానీ ఇక్కడ పెద్ద గొడవ తెచ్చిపెట్టావు. నీ ఉత్తరం పైకి చదువుతుంటే మీ అన్నయ్య గడ్డం గీసుకుంటున్నారు. జెండా దగ్గరికి రాగానే సగం గడ్డంతో లేచి వచ్చేశారు. "తెరచాప ఒకవైపు, జెండా ఒకవైపా? ఒకే గాలికా? మళ్ళీ చదువు" అన్నారు. మళ్ళీ చదివాను. "అది ఎలా కుదురుతుంది? దాన్ని చూసి పిల్లలు గాలంటే ఏమనుకుంటారు?" అని ఆ సగం గడ్డంతోనే నాకు గంటసేపు పాఠం చెప్పారు. రెండు వారాల నుంచి అన్నంలోకీ అదే, మాటల్లోకీ అదే. ఈ కింది ప్రశ్నలు ఆయన రాయమన్నవి, నన్ను తిట్టుకోకు. గాలి మొదట ఎటునుంచి వస్తోంది? అలలు ఎటు పోతున్నాయి? దీవి మీద చెట్లుంటే అవి ఎటు వంగుతున్నాయి? దుకాణానికి వెళ్ళి జాగ్రత్తగా చూసి రాయాలట. కొనడానికి మాత్రం కాదట!

ఇక పిల్ల సంగతి. నువ్వు ఏదంటే అది చేస్తానని మాటిచ్చాను కాబట్టి కొనం. నిన్న దాని గదిలో మంచం మీద దుప్పటి తీసి మడతపెట్టాను. రాని మనిషికి పక్క వేసి ఉంచడం దేనికని. ఆ గదిలో ఉల్లిపాయలు ఆరబోసుకోమని మీ అన్నయ్య అన్నారు. నేను ఆరబోయలేదు.

దానికి ఈత నేర్పించు. నీళ్ళంటే భయం, మొదటి రోజు నువ్వు కూడా దిగు.

వదిన


టౌన్లో, పళ్ళ వర్క్‌షాపు మీది గది
బుధవారం, పని ఎగ్గొట్టి

వదినా,

ముందు అన్నయ్యకి జవాబు. గాలి కుడినుంచి వస్తోంది. అలలు కుడినుంచే వస్తున్నాయి. దీవి మీద చెట్లు ఎడమకి వంగుతున్నాయి. జెండా ఒక్కటే ఎదురు తిరుగుతోంది. ఇది తేల్చుకోవడానికి దుకాణానికి మూడుసార్లు వెళ్ళాను. మూడోసారి షాపాయన నన్ను చూడగానే స్టూలు తెచ్చి వేశాడు. ఐదో దీవి దాటాను. ఇంకేం దాచను.

ఈ కుడి ఎడమల గొడవలో సోమవారం ఓ పెద్దాయన పళ్ళ సెట్టులో ముందు పళ్ళు రెండూ అటుది ఇటు, ఇటుది అటు పెట్టేశాను. ఇరవై ఏళ్ళ పనిలో ఎప్పుడూ జరగలేదు. మైనం మీద ఉండగానే డాక్టరుగారు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ పెద్దాయన జన్మంతా తిరగేసి నవ్వాల్సి వచ్చేది.

నవ్వించాలని ఇదంతా రాశాను. అసలు సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు. నువ్వు దుప్పటి మడతపెట్టావని రాసిన వాక్యం దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను.

వదినా, ఆ షరతు పెట్టించింది నేనే.

పిల్ల "ఈసారి వెళ్ళాలని లేదత్తా" అంది. నేను సర్దిచెప్పాల్సింది. చెప్పలేదు. "గేమ్ కొంటే వస్తానని రాయి, చూద్దాం" అన్నాను. అన్నయ్య చచ్చినా కొనడని నాకు ధైర్యం. పోయిన సెలవులకి అది కొండెక్కినప్పుడు ఈ గది నన్ను తినేసింది. దువ్వెన ఎక్కడ పెట్టావే అని అరవడానికి మనిషి లేదు. ఒక్కదాన్నే వండుకుని, ఒక్కదాన్నే తిని, పొద్దున్నే కిందికి దిగి ఎవరివో పళ్ళు చెక్కడం. ఈసారి అది వద్దనుకున్నాను. నువ్వు నిజం చెప్పమని నన్నే అడిగేసరికి దొంగకి తేలు కుట్టినట్టయింది. కళ్ళనీ, మెడనీ అడ్డం పెట్టుకున్నాను.

ఇంకోటి కూడా చెప్పేస్తా. పిల్ల ఎందుకు రానందో అడిగాను, ఈసారి నిజంగానే. ఏమందో దాని మాటల్లోనే రాస్తున్నా. "మూడు గంటలకోసారి అక్కడ గంట కొడుతుంది అత్తా. అమ్మా నాన్నా ఇద్దరూ లేచి బయటికి పరిగెడతారు. గాలి చూడాలి, వాన చూడాలి, పుస్తకంలో రాయాలి. నేను ఏదో చెప్తూ ఉంటాను, సగంలో ఉంటుంది. తిరిగొచ్చాక వాళ్ళకి గుర్తుండదు. మళ్ళీ మొదట్నుంచి చెప్పబుద్ధి కాదు. గేమ్ అయితే ఆపి పెట్టుకోవచ్చు కదా."

నీకు కోపం వస్తుంది. రావాలి. తిట్టు, కానీ తిడుతూనైనా ఉత్తరం రాయి.

నీ ఆడపడుచు


కొండ మీది వాతావరణ కేంద్రం
సోమవారం

ఉత్తరం అందింది. ఈసారి జీపులో పంపాల్సినవి: కిరోసిన్, ఉప్పు, అగ్గిపెట్టెలు, కిటికీకి మేకులు, సబ్బులు ఆరు.

మంగళవారం పొద్దున్న

పైముక్క నిన్న రాశాను. చించేద్దామనుకుని కూడా ఉంచేశాను, నిన్న నేనెలా ఉన్నానో నీకు తెలియాలి. ఉత్తరం అందినప్పట్నుంచీ నిన్నటిదాకా నీతో మనసులోనే పోట్లాడాను. నువ్వు ఎదురుగా లేకపోబట్టి అన్ని మాటలూ నేనే గెలిచాను. గెలిచినా సుఖం లేదు.

నిన్న మధ్యాహ్నం గంట కొట్టినప్పుడు మీ అన్నయ్యా నేనూ అలవాటుగా లేచాం. గుమ్మం దగ్గర నేనాగిపోయాను. లేవకముందు ఆయన నాకేదో చెప్తున్నారు. ఏం చెప్తున్నారని అడిగితే ఆయనకీ గుర్తులేదు. పందొమ్మిదేళ్ళుగా మేం ఇలాగే బతుకుతున్నామని నాకు నిన్న తెలిసింది. పిల్ల మాట చెప్పాను. ఆయన వాన గొట్టం తుడవలేదు. మెట్ల మీద కూర్చుండిపోయారు. కాసేపటికి "కొనమను" అన్నారు. ఇంకాసేపటికి "ఆ జెండా సంగతి కూడా నేను కళ్ళారా చూడాలి" అన్నారు. మనిషి మారితే ఒక్కసారిగా మారడు కదా.

ఇక నీకు శిక్ష. ఆ గేమ్ నువ్వే కొని, నువ్వే పట్టుకుని, పిల్లతో పాటు నువ్వే కొండెక్కాలి. ఆ గదిలో ఒక్కదానివే ఉన్నావని నేనెందుకు ఎప్పుడూ ఆలోచించలేదో నాకే సిగ్గుగా ఉంది. మా పిల్లని నీ దగ్గర పెట్టి, నీ సంగతి మరిచిపోయాం. మంచాలు రెండు వేసి ఉంచుతా. రానని రాశావో, నిజంగానే పోట్లాడతా.

నీ వదిన


టౌన్లో, పళ్ళ వర్క్‌షాపు మీది గది
గురువారం

వదినా వదినా,

సెలవడిగాను! ఇరవై ఏళ్ళలో మొదటిసారి. డాక్టరుగారు ముక్కున వేలేసుకుని, పదిహేను రోజులిచ్చారు. అంతకంటే ఎక్కువైతే ఊళ్ళో సగంమంది గంజి తాగి బతకాలట. కాబట్టి మొదటి పదిహేను రోజులు నేనూ ఉంటాను, తర్వాత జీపులో దిగిపోతాను. మిగతా రోజులన్నీ పిల్ల నీదే.

పిల్లకి అంతా చెప్పేశాను, నేను నీకు రాసిన ఒప్పుకోలుతో సహా. వినగానే అది "అమ్మ ఏం రాసింది?" అంది. మొదట సామాను లిస్టు రాసిందన్నాను. "అయితే ఏడ్చింది" అంది. నీ కూతురు నిన్ను ఎంత ఎరుగునో చూసుకో. గేమ్ అక్కర్లేదు అంటుందేమోనని ఓ నిమిషం ఆశపడ్డాను. ఏం లేదు. "రేపే వెళ్దాం, దుకాణం తొమ్మిదికి తెరుస్తారు" అంది. పిల్ల పిల్లే.

దుకాణంలో నా పరువు పోయింది. నేనేమీ తెలియనట్టు నిలబడితే, షాపాయన "రండమ్మా, మీ స్టూలు అక్కడే ఉంది" అన్నాడు. పిల్ల నా వంక చూసింది. "నేనసలు ఎక్కువసేపు ఆడలేదు" అన్నాను, ఎవరూ అడక్కుండానే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు! ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉంది. నీలంది కొన్నాం.

ఈ ఉత్తరం నీకందాక వచ్చే జీపులోనే మేమిద్దరం వస్తాం. నీళ్ళలో నేనూ దిగాను వదినా, మొదటి రోజే. నాక్కూడా భయమే.

నీ ఆడపడుచు


కొండ మీది వాతావరణ కేంద్రం
సెలవుల ఆఖరి రోజు

నా ఆడపడుచుకి,

ఈ ఉత్తరం పిడుగే పట్టుకొస్తోంది. సంచిలో బట్టల మధ్య పెట్టాను, దారిలో చదవొద్దని చెప్పాను. చదివే ఉంటుంది.

నువ్వు దిగిపోయిన తర్వాత ఇక్కడ ఏం జరిగిందో చెప్తా. నువ్వున్న పదిహేను రోజుల్లో మీ అన్నయ్య ఆ గేమ్‌ని అనుమానితుణ్ణి చూసినట్టు దూరంనుంచి చూశారు కదా. నువ్వు వెళ్ళిన రెండో రోజు, జెండా బొమ్మ గీసి కంపెనీకి ఉత్తరం రాయాలంటూ చేతిలోకి తీసుకున్నారు. నాలుగు పేజీల ఉత్తరం నిజంగానే రాశారు. కానీ వస్తువు తిరిగి ఇవ్వలేదు! పిల్ల అడిగితే "ఈ ఒక్క దీవీ" అంటారు. గంట కొట్టినా "ఈ ఒక్క దీవీ". ఇన్నేళ్ళలో ఆ మనిషి గంటకి లేవకపోవడం నేను చూడలేదు.

మరి గాలి ఎవరు చూడాలి? నేనే లేచాను. చెప్పులు తొడుక్కుంటుంటే పిల్ల కూడా లేచి, "పదమ్మా, నేను పుస్తకం పట్టుకుంటా" అంది. ఏదో స్కూలు గొడవ చెప్తూ ఉంది అప్పటికి. చెప్తూనే వచ్చింది. నేను గాలి మర చూస్తుంటే చెప్పింది, వాన గొట్టం చూస్తుంటే చెప్పింది, నేను అంకెలు చెప్తే రాసుకుంటూ చెప్పింది. ఇంట్లోకి వచ్చేసరికి మాట పూర్తయింది. అప్పట్నుంచి పగటి గంటలన్నీ మావిద్దరివే. దాని స్నేహితురాళ్ళు, దాని లెక్కల మాస్టారు, నువ్వు బాత్రూంలో పాడే పాటలు, నాకు అన్నీ తెలిసిపోయాయి. దాని కోసం కొన్న గేమ్ మీ అన్నయ్యని పట్టేసుకుని, పిల్లని నాకు వదిలేసింది. ఇంత మంచి బేరం నేనెప్పుడూ చేయలేదు.

మీ అన్నయ్య పరువు కథ కూడా విను. వానలో కాగితం తడుస్తుందని ఆయన అంకెలు అరచేతి మీద రాసుకుంటారు కదా. ఒక రాత్రి పడవ ఆటలో తెచ్చుకున్న పాయింట్లు కూడా గొప్పగా అదే అరచేతి మీద రాసుకున్నారు. ఆ రెండో అంకెని గాలి పీడనం గడిలో ఎక్కించి పైఆఫీసుకి పంపేశారు. మూడో రోజుకి వైర్‌లెస్‌లో వాళ్ళ ప్రశ్న వచ్చింది. "మీ దగ్గర పీడనం నలభై ఎనిమిది వేల రెండు వందలు అని ఉంది. కొండ ఇంకా నిలబడే ఉందా?" ఈయన చెమటలు కక్కుతూ, "కొండ నిలబడే ఉంది. అంకె నాది" అని జవాబిచ్చారు. పిల్లా నేనూ వంటింట్లో నోట్లో గుడ్డలు కుక్కుకుని నవ్వాం. పైఆఫీసు పెద్దాయన మర్నాడు మళ్ళీ అడిగాడట, వైర్‌లెస్ నియమాలు పక్కనపెట్టి, అది ఏ ఆట అని.

ఇవాళ పొద్దున పిల్ల జడ వేస్తున్నాను. ఎంత ఎదిగిందో ఇప్పుడు నాకు తెలుసు, నా చెవి దాకా వచ్చింది. జీపు వచ్చే వేళయింది, అయినా ఊరుకోలేక అడిగాను. "వచ్చే సెలవులకి ఏం కొనిపెట్టమంటావే?" అన్నాను. మళ్ళీ ఏ షరతు వింటానో, దానికి మళ్ళీ ఎవర్ని ఒప్పించాలో అనుకుంటూనే అడిగాను.

అది తల తిప్పకుండా, అద్దంలోంచి నన్ను చూసి, "ఏమీ వద్దమ్మా. నన్ను తీసుకొచ్చే జీపుని ఒక రోజు ముందు పంపించండి చాలు" అంది.

నీ వదిన